జూలియస్ సీజర్ నాటకం: రెండో అంకం రెండో సీన్‌లో సీజర్‌ని ఎలా చూపించాలి?

వార్షికోత్సవం_టీమ్

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ సెకండియర్, ఇంగ్లిష్ లిటరేచర్. మా కాలేజీ వార్షికోత్సవానికి షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' నుంచి ఒక్క సీన్ తెలుగులో వేస్తున్నాం. హత్య జరిగే రోజు పొద్దున్న సీజర్ ఇంట్లో జరిగే సీన్. డైరెక్షన్ నాది.

రిహార్సల్ మొదలైనప్పట్నుంచీ ఒకటే వాదన. సీజర్ వేసే అబ్బాయి అంటాడు, సీజర్ మూఢనమ్మకాల్ని లెక్కచెయ్యని ధీరుడు, భార్యకి పీడకల వచ్చిందని దేశాన్ని ఏలేవాడు ఇంట్లో కూర్చుంటాడా అని. సీజర్ భార్య కల్పూర్నియా వేసే అమ్మాయి అంటుంది, అతను వట్టి పొగరుబోతు, ఎవరి మాటా వినడు, అందుకే పోయాడు అని. గైడ్‌లో చూస్తే 'గర్వమే సీజర్ పతనానికి కారణం' అని ఒక్క లైన్ రాసి వదిలేశారు.

నాకు ఇద్దరి మాటా పూర్తిగా నచ్చట్లేదు. ఎందుకో సరిగ్గా చెప్పలేకపోతున్నాను. ఆ సీన్‌లో అతను వెళ్తానంటాడు, తర్వాత వెళ్లనంటాడు, మళ్లీ వెళ్తానంటాడు. అసలు ఏ మాట దగ్గర బలం పెట్టాలి? షో దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది. ఈ నాటకం బాగా తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

రిటైర్డ్_లెక్చరర్_రాజమండ్రి

అమ్మా, ఈ నాటకం క్లాసులో చాలా ఏళ్లు చెప్పాను, పిల్లలతో వేయించాను కూడా. ఆ సీన్ అంటే నాకు ప్రాణం. కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ సీజర్‌ని మొదటి అంకం రెండో సీన్ మొదటి పేజీ చదవమనండి. లూపర్కాల్ పండగ, పరుగులు జరుగుతున్నాయి. సీజర్ అందరి ముందూ తన స్నేహితుడు ఆంటోనీని పిలిచి, పరిగెత్తేటప్పుడు కల్పూర్నియాను తాకడం మర్చిపోకు అంటాడు. ఆ పరుగులో ఎవరైనా తాకితే పిల్లలు లేనివాళ్లకి ఆ శాపం పోతుందని పెద్దలు చెప్తారు అంటాడు. ఆ మాట అన్న కాసేపటికే జనంలోంచి ఒక జోస్యుడు, మార్చి 15 వస్తోంది జాగ్రత్త అని కేక వేస్తాడు. సీజర్ అతన్ని ముందుకు పిలిపిస్తాడు, మొహం చూస్తాడు, ఇంకోసారి చెప్పించుకుంటాడు. అప్పుడు 'ఇతనేదో కలలు కనే మనిషి, వదిలేసి పదండి' అంటాడు.

చూశారా, వారసుడు కావాలి కాబట్టి ఆ నమ్మకం పెద్దల మాట అయింది. ప్రాణం మీదకి వచ్చేది కాబట్టి ఈ హెచ్చరిక కల అయింది. 1599లో ఈ నాటకం లండన్‌లో ఆడేనాటికి ఎలిజబెత్ రాణికి 65 దాటాయి, ఆమెకీ వారసులు లేరు. ఆ పిల్లల్లేని మాట చూసేవాళ్లకి ఎక్కడ తగిలి ఉంటుందో ఊహించుకోండి.

కాబట్టి సీజర్ మూఢనమ్మకాలు లేనివాడు కాడు. చంపబోయే కాసియస్ బెంగ కూడా అదే. ఈమధ్య ఇతనికి కలలూ శకునాలూ పట్టింపు ఎక్కువైంది, పురోహితులు వద్దంటే ఇవాళ కాపిటల్‌కి, అంటే సెనేట్ సభకి, రాడేమో అంటాడు.

ఇక మీ సీన్. ఉరుములూ మెరుపులూ. సీజర్ రాత్రి బట్టల్లో ఉన్నాడు. కల్పూర్నియా నిద్రలో మూడుసార్లు 'సీజర్‌ని చంపేస్తున్నారు' అని కేక పెట్టిందని తనే చెప్పుకుంటాడు. వెంటనే నౌకర్ని పురోహితుల దగ్గరికి పంపుతాడు, బలి ఇచ్చి ఫలితం చెప్పమని. ఇదంతా కల్పూర్నియా స్టేజీ మీదకి రాకముందే! అంటే భయం ఆమె తెచ్చి పెట్టింది కాదు, ఆ గదిలో అప్పటికే ఉంది. మీ అబ్బాయి నౌకర్ని పంపే ఆ మాట తేలిగ్గా పడెయ్యకూడదు.

కల్పూర్నియా వేసే అమ్మాయికి కూడా ఒక మాట. 'నేనెప్పుడూ శకునాలు పట్టించుకోలేదు, ఇప్పుడు మాత్రం భయమేస్తోంది' అని కల్పూర్నియా స్వయంగా చెప్తుంది. ఆమెని ఏడుపుగొట్టు భార్యలా చెయ్యొద్దు. ఆలోచించి మాట్లాడే మనిషి మొదటిసారి భయపడింది, అంతే.

తర్వాత నౌకరు తిరిగొస్తాడు. బలి ఇచ్చిన జంతువులో గుండె కనిపించలేదట, ఇవాళ బయటికి వద్దన్నారట. సీజర్ దాన్ని అక్కడికక్కడే తిప్పేస్తాడు. ఇది పిరికివాళ్లని సిగ్గుపెట్టడానికి దేవుళ్లు చేసిన పని, భయపడి ఇంట్లో కూర్చుంటే నేనే గుండె లేని జంతువుని అంటాడు. సీజర్‌ని సభకి తీసుకెళ్లడానికి వచ్చే కుట్రదారుడు డీషియస్ ఇంకా రానేలేదు. శకునాన్ని తనకి నచ్చినట్టు చదవడం సీజర్‌కి ఎవరూ నేర్పలేదు.

అసలు విషయం ఇప్పుడు. కల్పూర్నియా మోకాళ్ల మీద కూర్చుని ఏమంటుంది? 'మిమ్మల్ని ఇంట్లో ఆపింది మీ భయం కాదు, నా భయమే అనుకోండి' అంటుంది. ఆయన పరువు పోకుండా ఆయన ప్రాణం కాపాడే దారి ఒకటి చూపించింది. ఎంత తెలివో, ఎంత ప్రేమో! ఆయన ఒప్పుకుంటాడు కూడా. ఆంటోనీ వెళ్లి నాకు ఒంట్లో బాలేదని చెప్తాడు, నీ కోసం ఇంట్లోనే ఉంటాను అంటాడు.

అంటే సీజర్ హెచ్చరిక విన్నాడమ్మా. 'ఎవరి మాటా వినడు' అనే మాట తప్పు. విన్నాడు, ఒప్పుకున్నాడు, అక్కడితో సీన్ అయిపోతే బతికేవాడు.

సరిగ్గా అప్పుడే డీషియస్ వస్తాడు. 'ఒంట్లో బాలేదని చెప్పండి' అంటుంది కల్పూర్నియా. వెంటనే సీజర్, 'సీజర్ అబద్ధం కబురు పంపాలా?' అని లేస్తాడు. ఆ అబద్ధం ఒక నిమిషం ముందు ఆయన నోటి నుంచే వచ్చింది! మధ్యలో మారింది ఒక్కటే, గదిలోకి బయటి మనిషి వచ్చాడు. మీరు బలం పెట్టాల్సిన చోటు అదే. భార్య ముందు భయపడగలడు, డీషియస్ ముందు భయపడలేడు. గైడ్‌లో రాసిన 'గర్వం' నా దృష్టిలో ఇదీ. భయం లేకపోవడం కాదు, భయం ఉందని నలుగురికీ తెలుస్తుందన్న భయం.

డీషియస్‌కి ఇది బాగా తెలుసు. కల్పూర్నియా కలలో సీజర్ విగ్రహం నూరు ధారలుగా రక్తం చిమ్ముతుంటే రోమన్లు నవ్వుతూ అందులో చేతులు కడుక్కున్నారు కదా, అది మంచి కల అని తిప్పి చెప్తాడు. సెనేట్ ఇవాళ కిరీటం ఇవ్వబోతోందంటాడు. అదీ చాలదనుకుని చివరి దెబ్బ వేస్తాడు: 'సీజర్ భార్యకి మంచి కలలు వచ్చేదాకా సభ వాయిదా వేద్దామని ఎవరైనా నవ్వొచ్చు, సీజర్ భయపడ్డాడని గుసగుసలాడొచ్చు.' అయిపోయింది. తన దుస్తులు తెమ్మంటాడు సీజర్.

డీషియస్ వేసేవాళ్లు విలన్ నవ్వు నవ్వకూడదు. ఎంత మర్యాదగా, ఎంత మెల్లగా మాట్లాడితే అంత భయంగా ఉంటుంది. ఇంకో సంగతి, 'ఒంట్లో బాలేదని చెప్పండి' అన్నది నాటకం మొత్తంలో కల్పూర్నియా చివరి మాట. ఆ తర్వాత ఆమెకి డైలాగ్ లేదు. కానీ ఆమెని లోపలికి పంపెయ్యకండి. తన కలకి పరాయివాడు వేరే అర్థం చెప్తుంటే, మొగుడు తల ఊపుతుంటే, ఆమె నిలబడి వినాలి.

గచ్చిబౌలి_పాఠకుడు

మేడమ్, చాలా బాగా చెప్పారు. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. జంతువు గుండె, జోస్యం, పీడకల, ఇవన్నీ విని ఆగిపోవాల్సిందే అంటే నాటకం మూఢనమ్మకాలకి ఓటేసినట్టే కదా? చివరికి జోస్యం నిజమైంది, కల నిజమైంది. మరి శకునాల్ని కొట్టిపారేసినందుకు సీజర్‌ని తప్పుపట్టడం ఏ రకంగా న్యాయం? ఒక పాలకుడు ఇవి చూసి సభకి వెళ్లడం మానేస్తే మనమే తిడతాం.

రిటైర్డ్_లెక్చరర్_రాజమండ్రి

చాలా మంచి ప్రశ్న అండీ. దీనికి జవాబు ఆర్టెమిడోరస్ దగ్గర ఉంది. క్లాసుల్లో ఎక్కువమంది దాటేసే పాత్ర అది.

సీజర్‌ని హెచ్చరిస్తూ అతను రాసిన ఉత్తరంలో శకునం ఏమీ లేదు. బ్రూటస్, కాసియస్, కాస్కా, సిన్నా, ట్రెబోనియస్, మెటెల్లస్ సింబర్, డీషియస్, లిగేరియస్ అని 8 పేర్లు. వీళ్లందరిదీ ఒకే ఉద్దేశం, నీకు వ్యతిరేకం, జాగ్రత్త అని. ఇది కల కాదు, సమాచారం. మూడో అంకం మొదట్లో అతను ఆ కాగితం పట్టుకుని, ముందు నాది చదవండి, ఇది మీకు సంబంధించింది అని బతిమాలతాడు. సీజర్ ఏమంటాడు? మాకు సంబంధించినదైతే అది అన్నింటికంటే చివర చూస్తాం అంటాడు. ఎంత గొప్ప మాట! స్వార్థం లేని పాలకుడు అనాల్సిన మాట. జనం వింటున్నారు కాబట్టి అన్నాడు. ఆ మాట వల్లే పోయాడు.

ఇక్కడ షేక్‌స్పియర్ ఒక మార్పు చేశాడు, నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. ఆయన ఈ కథ తీసుకున్నది జీవిత చరిత్రలు రాసిన ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ నుంచి, 1579లో వచ్చిన థామస్ నార్త్ ఇంగ్లిష్ అనువాదం చదివి. ప్లూటార్క్ చెప్పిన కథలో సీజర్ ఆ కాగితం తీసుకుంటాడు. చదవాలని చాలాసార్లు ప్రయత్నిస్తాడు, పలకరించే జనం తోపులాటలో కుదరదు. దాన్ని చేతిలో పట్టుకునే సెనేట్‌లోకి వెళ్తాడు. అక్కడ అది దురదృష్టం. నాటకంలో తనే వద్దంటాడు. ఎడమ చెవి వినపడదని సీజర్ ఆంటోనీతో అంటాడు చూడండి, అదీ ప్లూటార్క్‌లో లేదు. మూర్ఛ ఉంది, చెవుడు లేదు.

శకునాలు నిజమా కాదా అన్నదాని మీద నాటకం తీర్పు చెప్పదనే నేను అనుకుంటాను. ఆ తుఫాను రాత్రి కాస్కా కత్తి దూసి, వణికిపోతూ, కాపిటల్ దగ్గర సింహాన్ని చూశాను, పట్టపగలు బజార్లో గుడ్లగూబ కూర్చుంది అని చెప్తుంటే సెనేటర్ సిసెరో ప్రశాంతంగా అంటాడు, వింత కాలమే కానీ మనుషులు వేటికైనా తమకి తోచిన అర్థం చెప్పుకుంటారు, అసలు అర్థానికి దాంతో సంబంధం ఉండదు అని. మీ అభ్యంతరాన్ని సిసెరో ముందే అన్నాడు. అందుకే ఉత్తరం అవసరమైంది. కలలు, శకునాలు అన్నీ పక్కనపెట్టినా, పేర్లతో సహా రాసిన కాగితాన్ని కూడా అతను తీసుకోలేకపోయాడు.

తెనాలి_నాటకప్రియుడు

మేడమ్ గారి మాటకి నాదొకటి కలుపుతాను. మాది పద్యనాటకాల ఊరు. చిన్నప్పట్నుంచి రాయబారం సీన్లు చూసి పెరిగాను. అక్కడ కృష్ణుడు ఎంత చెప్పినా దుర్యోధనుడు అంగుళం కదలడు, పైగా చెప్పడానికి వచ్చినవాణ్ణే కట్టేయమంటాడు. చూసేవాడికి ఆశ ఉండదు, పద్యం కోసమే కూర్చుంటాడు. సీజర్ అలా కాదు. ఆయన 'ఇంట్లోనే ఉంటాను' అన్న క్షణంలో, కథ తెలిసి కూడా, ఉండిపోతాడేమో అనిపిస్తుంది. ఆ ఆశ పుట్టించకపోతే సీన్ పండదు. కాబట్టి ఆ అబ్బాయి నిజంగా ఒప్పుకున్నట్టే చెప్పాలి, మనసులో దాచుకుని కాదు.

అయితే నా దృష్టిలో హెచ్చరికలు వినని అసలు మనిషి కుట్రదారుల నాయకుడు బ్రూటస్. ఆంటోనీని కూడా చంపుదాం అని కాసియస్ అంటే వద్దన్నాడు. శవం దగ్గర ఆంటోనీని మాట్లాడనివ్వొద్దు, నువ్వేం చేస్తున్నావో నీకు తెలియట్లేదు అంటే, ముందు నేను మాట్లాడతాగా అన్నాడు. చివర్లో యుద్ధానికి ఫిలిప్పైకి మనం వెళ్లొద్దు, శత్రువుల్నే రానిద్దాం అంటే అదీ వినలేదు. మూడుసార్లూ కాసియస్‌దే సరైన మాట. మూడుసార్లూ బ్రూటస్ తన మంచితనం మీద నమ్మకంతో తోసేశాడు. సీజర్‌ది పరువు, ఇతనిది నీతిమంతుణ్ణన్న గర్వం.

రిటైర్డ్_లెక్చరర్_రాజమండ్రి

నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటానండీ. ఆ కాసియస్ చివర చూడండి. జీవితమంతా శకునాల్ని నమ్మని గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్‌ని నమ్మాను, ఇప్పుడు శకునాలు కొంత నమ్ముతున్నాను అంటాడు. సార్డిస్ ఊరి నుంచి సైన్యంతో వచ్చిన గద్దలు ఎగిరిపోయి కాకుల్లాంటి పక్షులు చేరాయని దిగులు. ఆ దిగులులోనే, గుట్ట మీద నుంచి తన సేవకుడు పిండారస్ దూరంగా చూసి చెప్పింది నమ్మి, స్నేహితుడు టిటినియస్ శత్రువులకి చిక్కాడనుకుని పొడిపించుకుని చచ్చిపోతాడు. నిజానికి టిటినియస్‌ని చుట్టుముట్టింది సొంతవాళ్లే, గెలిచామన్న సంతోషంతో! శకునాలు లెక్కచెయ్యక సీజర్ పోయాడు, లెక్కచెయ్యడం మొదలుపెట్టి కాసియస్ పోయాడు. గచ్చిబౌలి గారూ, నాటకం ఎటూ ఓటెయ్యలేదన్నది ఇందుకే.

వార్షికోత్సవం_టీమ్

మేడమ్, అందరికీ చాలా థాంక్స్. ఇదంతా ఇవాళ రిహార్సల్‌లో చదివి వినిపించాను. మా సీజర్ నౌకర్ని పంపే మాట మూడు రకాలుగా చెప్పి చూశాడు, సీనే మారిపోయింది. కల్పూర్నియా డీషియస్ వెనక్కి వెళ్లకుండా సీజర్‌కి ఎదురుగా నిలబడుతోంది. ఇంకొక్క డౌట్. టైమ్ తక్కువ కాబట్టి 'నా దుస్తులు ఇవ్వండి, వెళ్తాను' దగ్గర తెర దించేద్దామని అనుకుంటున్నాం. పర్లేదా?

రిటైర్డ్_లెక్చరర్_రాజమండ్రి

వద్దమ్మా. అక్కడ ఆపితే మీ సీజర్ మూర్ఖుడిగానే మిగిలిపోతాడు. ఇంకో పాతిక లైన్లే ఉన్నాయి. బ్రూటస్, కాస్కా, ట్రెబోనియస్ అందరూ తీసుకెళ్లడానికి వస్తారు. సీజర్ ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పలకరిస్తాడు. జబ్బు పడ్డ లిగేరియస్‌ని చూసి జాలిపడతాడు. టైమెంత అని అడిగితే ఎనిమిది కొట్టింది అంటాడు బ్రూటస్. రండి, నాతో కాస్త వైన్ తాగి అందరం కలిసి వెళ్దాం అని చంపడానికి వచ్చినవాళ్లని లోపలికి పిలుస్తాడు. అంత మర్యాద తెలిసినవాడూ అతనే. చూసేవాళ్లు అతన్ని ఇష్టపడాలి, లేకపోతే ఈ పోరాటమంతా దేనికి? టైమ్ సరిపోకపోతే డీషియస్ మాటల్లో రెండు లైన్లు తగ్గించండి, ఈ పలకరింపులు మాత్రం తియ్యొద్దు.