తాత బ్యాటరీ రేడియోని ఇంటి కరెంటు మీద పాడించేదెట్టా?

కావలి కుర్రోడు:
అన్నలూ, అటక మీద మా తాత రేడియో దొరికింది, అప్పట్లో మా ఊళ్లో కరెంటు లేదంట, బ్యాటరీతోనే పాడేదంట. లోపల నాలుగే వాల్వులు (ట్రాన్సిస్టర్లు రాకముందు వాడిన గాజు బల్బుల్లాంటివి), డీకే96, డీఎఫ్96, డీఏఎఫ్96, డీఎల్96. వెనక అట్ట మీద 90, 1.4 అని రాసుండాది. ఆ 90 వోల్టుల బ్యాటరీ ఇప్పుడు యాడ దొరకతాది? ఇక్కడ మెకానిక్ ఒకాయన ట్రాన్స్‌ఫార్మర్ దండగ, డయోడు రెసిస్టర్ పెట్టి 230నే దించేద్దాం అంటన్నాడు. నమ్మొచ్చా?

ఒంగోలు వాల్వులాయన:
వద్దబ్బాయా! అట్టా చేస్తే రేడియో ఛాసీ (లోపలి ఇనప చట్రం) నేరుగా మెయిన్స్‌కి తగిలిచ్చినట్టే, నాబ్ స్క్రూ మీద వేలు పడిందంటే అంతే. ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో ఉండాల్సిందే. ఇంకోటి, ఈ వాల్వుల్లో వేడెక్కే తీగ, అంటే ఫిలమెంటే, ఎలక్ట్రాన్లు వదిలే క్యాథోడు కూడా కాబట్టి దానికిచ్చే ఆ 1.4 వోల్టుల్లో కొంచెం ఏసీ మిగిలినా బుయ్యిమని స్పీకర్లోకొస్తది. నాలుగూ కలిపి లాగేది 125 మిల్లీఆంప్సే, ఎల్ఎం317 రెగ్యులేటర్ ఐసీతో 1.4కి సెట్ చేసుకో, వాల్వులు పీకేసి వాటి బదులు 10 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి కొలిచినాకే మళ్లీ గుచ్చు. పొరపాట్న 90 ఫిలమెంట్ల మీదికి పోయిందా, నాలుగూ ఒకేసారి టప్. నావి అట్టానే పోయినయ్యి, స్క్రూడ్రైవర్ జారి.

పొదిలి రాజా:
ఎలిమినేటర్ (బ్యాటరీల బదులు ఇంటి కరెంటు మీద నడిపే డబ్బా) తర్వాత కడుదువు, ముందు రేడియో బతికుందో లేదో చూడు. 9 వోల్టుల బ్యాటరీలు పది వరసగా కలిపితే 90, ఫిలమెంట్లకి టార్చిలైటు పెద్ద సెల్లు ఒక్కటి చాలు. బ్యాటరీలే కదా అని చెయ్యి పెట్టబాక, 90 కూడా కొడతాది. స్పీకర్ని పాడించే డీఎల్96 గ్రిడ్డుకి (సిగ్నల్ లోపలికెళ్లే కాలు) పోయే పాత మైనం కండెన్సరుంటే మాత్రం మార్చేసెయ్, లీకైతే ఆ వాల్వుని తినేస్తది.

కావలి కుర్రోడు:
కండెన్సర్ మార్చి బ్యాటరీలు పెట్టినా, పాడతాంది! కానీ గొంతు బొంగురు. రెండు బ్యాటరీల నెగెటివ్‌లూ కలిపి ఒకే వైరుకిచ్చినా, తప్పా?

ఒంగోలు వాల్వులాయన:
అదే నీ బొంగురు. 90 నెగెటివ్‌కి ఛాసీకి మధ్య ఒక రెసిస్టర్ ఉంటది చూడు, ఇట్టాంటి సెట్లు చానావాటిల్లో డీఎల్96కి బయాస్ (గ్రిడ్డుకి కావాల్సిన నెగెటివ్ వోల్టేజి) దాన్నించే వస్తది, నువ్వు కలిపేసి దాన్ని షార్ట్ చేసినావు. విడగొట్టు. రేపు ఎలిమినేటర్ కట్టినా అంతే, 90కొకటి 1.4కొకటి వేరే వేరే వైండింగులు, నెగెటివ్‌లు లోపల కలవకూడదు.

కావలి కుర్రోడు:
విడగొట్టినా అన్నా, గొంతు గంటలాగా ఉండాది. రాత్రి మద్రాసు 720 బాగా తగిలింది. మా అవ్వ వచ్చి కూర్చోని సిలోన్ పెట్టమంటాంది, ఇప్పుడు దాన్ని యాడ తెచ్చేది.