నేర్చుకున్న విద్య నిజమైన దాడిలో పనికొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య నేర్చుకుంటున్నాను. ఆత్మరక్షణ కోసమే చేరాను. మా మాస్టారంటే చాలా గౌరవం, అందుకే ఈ మాట ఆయన్ని అడగలేకపోతున్నాను.

క్లాసులో జోడీ నా మణికట్టు పట్టుకుంటాడు, నేను తిప్పుతాను, అతను పడిపోతాడు. ప్రతిసారీ పడతాడు. మొన్న మా తమ్ముణ్ణి నిజంగానే గట్టిగా పట్టుకోమన్నాను. నేను తిప్పేలోపే వాడు చెయ్యి వెనక్కి లాగి, రెండో చేత్తో భుజం మీద ఒక్క తోపు తోశాడు. నేర్చుకున్నదేదీ గుర్తుకు రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదండీ.

అప్పటినుంచీ చదువుతున్నాను. 1882లో జూడోను మొదలుపెట్టిన జిగోరో కానో, ఎదుటివాడు లొంగకుండా తిరగబడే 'రందోరి' సాధనకు పెద్దపీట వేశారు. మా దగ్గర లేనిది అదే అనిపిస్తోంది. 1993లో, వేర్వేరు యుద్ధవిద్యల వాళ్లు తలపడే యూఎఫ్‌సీ మొదటి పోటీలో, బ్రెజిలియన్ జియు-జిట్సు యోధుడు రాయిస్ గ్రేసీ తనకన్నా బరువైనవాళ్లను నేలకు దించి గెలిచాడు. అయితే అక్కడ రిఫరీ ఉన్నాడు, ఎవరి చేతిలోనూ కత్తి లేదు, ముగ్గురు ఒకేసారి మీద పడలేదు. బయట కింద పడి పెనుగులాడితే రెండోవాడు తన్నడా?

ఇంతకీ విద్య పేరు చూడాలా, సాధన చేయించే తీరు చూడాలా? కొత్త క్లాసులో చేరేముందు ఒక్కరోజు కూర్చుని గమనిస్తే ఏం కనిపించాలి? నిజంగా దాడిని ఎదుర్కొన్నవాళ్లుంటే, ఆ క్షణంలో మీకు ఏది అక్కరకొచ్చిందో దయచేసి చెప్పండి.