ఒక్కరే రాసిన ఆల్బమ్‌కి జోడీగా ఏ నవల ఇవ్వాలి?

గుంటూరు పిన్ని:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు, అరండల్‌పేట. మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. మా అక్క కూతురు ఈ ఏడాది విజయవాడలో డిగ్రీలో చేరింది. వచ్చే నెల దాని పుట్టినరోజు. ఒక ఆల్బమ్, దానికి జోడీగా ఒక నవల ఇద్దామనుకుంటున్నాను. నవల దగ్గరే ఆగిపోయాను.

ఆల్బమ్ మాత్రం ఖాయం. స్వర్ణకమలం, 1988. విశ్వనాథ్ గారి సినిమా, ఇళయరాజా సంగీతం. పాత సంప్రదాయ రచనలు పక్కన పెడితే తక్కిన పాటలన్నీ సిరివెన్నెల సీతారామశాస్త్రి గారివే. నాకు అదే ముఖ్యం.

మా నాన్న క్యాసెట్ అట్ట మీద పాట పక్కన పాడినవాళ్ల పేరు కాదు, రాసినవాళ్ల పేరు రాసుకునేవారు. ఆకుపచ్చ ఇంకు, గుండ్రటి అక్షరాలు. రికార్డింగ్ షాపులో 60 నిమిషాల క్యాసెట్‌కి లిస్టు ఇచ్చేటప్పుడు కూడా ఒకే కవి పాటలు వరసగా వచ్చేలా చూసుకునేవారు. చివరి పాట ఒక్కోసారి సగంలో తెగిపోయేది. అయినా వరస మార్చనిచ్చేవారు కాదు. "ఒక్కరే రాస్తే పాటకీ పాటకీ మధ్య మాట నడుస్తుంది, విను" అనేవారు. అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు. ఈ ఆల్బమ్‌తోనే అర్థమైంది.

సినిమాలో కథానాయిక మీనాక్షి కూచిపూడి పండితుడి కూతురు. చేతిలో అంత విద్య ఉన్నా దాని మీద మనసు లేదు. మొదట్లో వచ్చే పాటలో ఆమె ఆశలన్నీ ఆకాశంలో హరివిల్లులా ఎక్కడో దూరాన ఉంటాయి. తర్వాత 'ఘల్లు ఘల్లు' పాట వినండి. అది పాటలా సాగే వాదన. ఎగిరే చిరుగాలి వలకి చిక్కుతుందా, సెలయేటికి ఆట నేర్పిన గురువెవరు అని ఆమె అడుగుతుంది. శివుడి జటలో చేరకపోతే విరుచుకుపడే గంగకి విలువేముంది అని హీరో జవాబు. ఇద్దరి తరఫునా వాదించింది ఒక్క కవే. ఏ పక్షానికీ తక్కువ చేయలేదు. ఆమె మాట విన్నంతసేపూ ఆమెదే నిజం, అతని మాట వినగానే అతనిదే నిజం.

ఇక చివర్లో 'అందెల రవమిది'. ఈ మువ్వల సవ్వడి పాదాలదా, ఆకాశాన్ని అంటిన గుండెదా అని అడుగుతుంది. ఎక్కడో దూరాన ఉన్న ఆకాశం ఇక్కడికొచ్చేసరికి ఆమె గుండెకి అందింది. మొదటి పాట ఒకరు, చివరి పాట ఇంకొకరు రాసి ఉంటే ఆ ఆకాశం ఇలా కలిసేదా? పదిహేనేళ్లు విన్నాక గానీ నాకు ఇది తట్టలేదు. తట్టిన రోజు ఆఫీసులో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మా పిల్ల పాటలన్నీ ఫోన్‌లో షఫుల్ పెట్టి వింటుంది. దాన్ని తప్పుపట్టను. ఒక్కసారి వరసగా వింటే చాలు.

నా మటుకు నేను కట్టుకున్న జోడీ ఒకటుంది. గీతాంజలి సినిమా ఆల్బమ్, బుచ్చిబాబు గారి నవల చివరకు మిగిలేది. అక్కడ పాటలన్నీ వేటూరి గారివి. చావు దగ్గర్లోనే ఉందని తెలిసిన ఇద్దరు కొద్ది రోజుల్లోనే ప్రేమను దొరకబుచ్చుకుంటారు. ఇక్కడ నవలా నాయకుడు దయానిధికి కావలసినంత కాలం ఉంది, నవలంతా ప్రేమ కోసం వెతుకుతూనే ఉంటాడు. రెండూ ఒక వారంలో ముగించి చూడండి. స్వర్ణకమలానికి ఇలాంటి జోడీ ఏదో చెప్పండి.

లెనిన్ సెంటర్ పాఠకుడు:
పిన్ని గారూ, వేయిపడగలు. రెండో ఆలోచన వద్దు.

అందులో గిరిక ఉంది కదా. దేవుడికి తనను తాను ఇచ్చుకున్న దేవదాసి. ఆమెకి నాట్యమంటే మొదటి నుంచీ పూజే. మీ మీనాక్షి చివరికి ఎక్కడికి చేరుతుందో గిరిక అక్కడే మొదలవుతుంది. ఇంతకంటే జోడీ ఏముంటుంది?

దాదాపు వెయ్యి పేజీలని పిల్ల భయపడుతుంది. ముందు గిరిక వచ్చే అధ్యాయాలకి కాగితాలు పెట్టి ఇవ్వండి. మిగతాది తనే చదువుకుంటుంది. విశ్వనాథ సత్యనారాయణ గారు విజయవాడలో పాఠాలు చెప్పిన మనిషి, ఆ పిల్ల చదువుతున్నదీ ఇదే ఊళ్లో. నా దగ్గరున్న కాపీ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర దొరికింది. లోపలి అట్ట మీద ఎవరో ఎవరికో పెళ్లికానుకగా ఇచ్చినట్టు రాసి ఉంది. ఆ పేజీ చూసే కొన్నాను.

కృష్ణాతీరం:
అక్కా, పెదకల్లేపల్లి వేటూరి గారి ఊరు, మాది ఆ దగ్గరే. కాబట్టి నా పక్షపాతం ముందే చెప్పేస్తున్నా.

ఒక్కరే రాయాలన్న నియమం నాకు నచ్చలేదు. శంకరాభరణం చూడండి. 1980లో వచ్చింది, మహదేవన్ గారి సంగీతం. సదాశివ బ్రహ్మేంద్రులున్నారు, రామదాసున్నారు, మైసూరు వాసుదేవాచార్యులున్నారు. అంతమంది మహానుభావుల మధ్య వేటూరి గారు తన పాటలు పెట్టాలి. ఎంత టెన్షన్ పడి ఉండాలి! పైగా చివరి పాటని 'దొరకునా ఇటువంటి సేవ' అని మొదలుపెట్టారు. ఆ మాట త్యాగరాజు గారి బిలహరి కీర్తనది. పెద్దాయన గుమ్మంలో నిలబడి, ఆయన మాటతోనే ఆయన్ని పలకరించినట్టుంటుంది. మీ నాన్నగారు చెప్పిన 'మాట నడవడం' ఇక్కడ వందల ఏళ్ల మధ్య నడిచింది. నవలగా అడవి బాపిరాజు గారి నారాయణరావు ఇవ్వండి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో వేయిపడగలుతో బహుమతి పంచుకున్నది అదే. చదవడానికి హాయిగా ఉంటుంది, పిల్లకి బరువనిపించదు.

గుంటూరు పిన్ని:
తమ్ముడూ, ఆ బిలహరి సంగతి మా నాన్న ఉండగా తెలిసి ఉంటే ఎంత బాగుండేది. ఆ పాట ఇవాళ నాలుగుసార్లు విన్నాను. నువ్వన్నది నిజమే. అయినా మా పిల్లకి మాత్రం ఒక్క కవితోనే మొదలుపెట్టిస్తాను. ఒక గొంతుని గుర్తుపట్టడం అలవాటైతే, పది గొంతుల్లోనూ దాన్ని పట్టుకోగలుగుతుంది. శంకరాభరణం, నారాయణరావు వచ్చే పుట్టినరోజుకి.

పాఠకుడు గారూ, గిరిక నాకు తట్టనే లేదు. నేను వేయిపడగలు చదివి ఇరవై ఏళ్లయింది, అప్పుడు నా ధ్యాసంతా నాయకుడు ధర్మారావు మీదే. ఆదివారం బస్సెక్కి వస్తున్నాను.

హాస్టల్ అమ్మాయి:
ఆంటీ, నాకూ మీ అక్క కూతురి వయసే. లింకు పంపితే మేం సేవ్ చేసుకుంటాం, తర్వాత మర్చిపోతాం. పాటల వరస మీ చేత్తో కార్డు మీద రాసి పుస్తకంలో పెట్టండి. మీ నాన్నగారి లాగానే, ఆకుపచ్చ ఇంకుతో. నాకెవరైనా అలా ఇస్తే వరస తప్పకుండా వింటాను.

గుంటూరు పిన్ని:
అమ్మాయీ, నీ మాట చదవగానే బ్రాడీపేట వెళ్లి ఆకుపచ్చ ఇంకు పెన్ను కొన్నాను. పుస్తకం ఆదివారమే దొరికింది. కొత్త ప్రతే తీసుకున్నాను. వారధి దాటేలోపే గిరిక కోసం పేజీలు తిప్పడం మొదలుపెట్టి, గుంటూరు వచ్చేసరికి ఆరు చోట్ల బస్ టికెట్ ముక్కలు పెట్టాను.

కార్డు మాత్రం ఇంకా పూర్తవలేదు. మొదటిదీ చివరిదీ రాసేశాను. 'కొత్తగా రెక్కలొచ్చెనా' ఎన్నో పాటగా ఉండాలో తేలక నిన్న రాత్రి సినిమా మళ్లీ పెట్టుకుని కూర్చున్నాను.