ట్రైలర్‌లో రెగ్యులేటర్ మార్చాక గ్యాస్ వాసన: ఎక్కడ వెతకాలి?

ఫ్రిస్కో పథికుడు
2009 నాటి పాత ట్రైలర్, అదే కారు వెనక లాక్కెళ్లే ఇల్లు, కొన్నాను. ముందు ఉండే రెండు సిలిండర్ల రెగ్యులేటర్ తుప్పు పట్టి ఉంటే కొత్తది వేశాను. పనిలో పనిగా పొయ్యి వెనక ఇత్తడి నట్టు విప్పి, మరకు టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి బలం కొద్దీ బిగించాను. అప్పటి నుంచి పొయ్యి కింది అర తెరిస్తే కుళ్లిన గుడ్డు వాసన. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ మంట కూడా వెలిగినట్టే వెలిగి ఆరిపోతోంది. రాత్రి గ్యాస్ తెరిచి ఉంచి పడుకోవచ్చా? శనివారం పిల్లలతో పాలో డ్యూరో లోయకు వెళ్లాలి.

గోదారి గట్టు
దీనికి ఇంత హైరానా ఎందుకు? మా నాన్నగారు సిలిండర్ మార్చిన ప్రతిసారీ అగ్గిపుల్ల గీసి రెగ్యులేటర్ చుట్టూ తిప్పేవారు. లీకు ఉంటే అక్కడే మంట కనిపించేది. నలభై ఏళ్లలో ఏమీ కాలేదు.

రాగి గొట్టం
దయచేసి పై సలహా ఎవరూ పాటించకండి. గల్ఫ్‌లో ఇరవై రెండేళ్లు గ్యాస్ లైన్ల మీదే బతికినవాణ్ణి, చెబుతున్నాను. సిలిండర్‌లోని ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. ట్రైలర్ నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. మీ నాన్నగారి వంటింటికి కిటికీలు ఉండేవి.

ఇక అసలు తప్పు టేపు. ఆ నట్టు ఫ్లేర్ నట్టు. గ్యాస్‌ను ఆపేది మర కాదు, గంటలా విప్పారిన రాగి అంచు ఇత్తడి ముక్కుకు అతుక్కోవడం. టేపు చుట్టి ఏం లాభం?

డీజిల్ బాబాయి
మా ట్రైలర్‌లో అన్ని నట్లకూ టేపు చుట్టాను. ఆరేళ్లయింది, సబ్బు నురగ పూసి చూసినా ఒక్క బుడగ లేదు. పుస్తకాల మాటలు వేరు, అనుభవం వేరు.

రాగి గొట్టం
టేపు వల్ల ఆగలేదు బాబాయి గారూ, టేపు ఉన్నా ఆగింది. కొస వైపు సన్నబడే పైపు మరలకు, అంటే రెగ్యులేటర్‌లోకి ఎక్కే వాటికి, గ్యాస్‌కు వాడే పసుపు టేపు చుట్టాల్సిందే. ఫ్లేర్‌కు వద్దు. ఈ రెండూ ఒకటే అనుకునేవారితో నేను వాదించను.

డీజిల్ బాబాయి
వాదించను అంటూనే ఇంత రాశారు.

నాలుగు చక్రాల ఇల్లాలు
మా ట్రైలర్‌లో గ్యాస్ అలారం రాత్రి రెండింటికి మోగింది. పిల్లలను ఎత్తుకుని రాత్రి దుస్తులతోనే చలిలో నిలబడ్డాం. తీరా చూస్తే మా అమ్మాయి తలకు కొట్టుకున్న స్ప్రే! అలారం నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది కదా, అమ్మాయి దాని పక్కనే కూర్చుంది. మీ అలారం వెనక తయారైన ఏడాది చూడండి. 2009దే అయితే అది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది.

పసుపు నీళ్లు
సబ్బు నురగతో లీకు ఎక్కడుందో తెలుస్తుంది, లీకు లేదని మాత్రం తేలదు. నేను పారదర్శకమైన గొట్టాన్ని యూ ఆకారంలో చెక్కకు కట్టి, పసుపు కలిపిన నీళ్లు పోసి, ఒక కొసను పొయ్యి జెట్‌కు తగిలిస్తాను. సిలిండర్ తెరిచి మళ్లీ మూసేసి, ఇంకో పొయ్యి మీట ఒక్క క్షణం తిప్పి నీళ్ల ఎత్తును 8 అంగుళాలకు దించుతాను. మూడు నిమిషాలు కదలకూడదు. ఫ్రిజ్ నడుస్తుండగా 11 అంగుళాలు ఉండాలి.

గోదారి గట్టు
నేనూ కట్టి చూశాను. అయిదున్నరే వచ్చింది! రెగ్యులేటర్ పాడైందా?

పసుపు నీళ్లు
ఒక వైపు కొలిచారు. ఒక వైపు దిగింది, రెండో వైపు ఎక్కింది, రెండూ కలపండి. అగ్గిపుల్ల మానేశారు, సంతోషం.

నాలుగు చక్రాల ఇల్లాలు
సబ్బంటే గిన్నెల సబ్బే వాడండి. అమ్మోనియా ఉన్న అద్దాల ద్రవం చల్లితే ఇత్తడి పగులుతుందట.

రాగి గొట్టం
పగులుతుందట కాదు, పగులుతుంది. పథికుడు గారూ, బిగించేటప్పుడు రెండు రెంచీలు పట్టుకున్నారా? ఒకటే అయితే గొట్టం మెలిపడి ఉంటుంది.

ఫ్రిస్కో పథికుడు
ఒకటే. సిలిండర్లు కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, లైన్ ఖాళీ అయ్యాక విప్పాను. టేపు చింపితే రాగి అంచు మీద వెంట్రుక మందాన పగులు. డీజిల్ బాబాయి గారు క్షమించాలి.

డీజిల్ బాబాయి
మీది అనుభవం లేక. ఫ్రిజ్ సంగతి ఎవరూ చెప్పలేదే? సిలిండర్ మీట గబుక్కున తిప్పితే లోపలి రక్షణ కవాటం మూసుకుని గ్యాస్ సన్నగా వస్తుంది. అన్నీ ఆపి, సిలిండర్ కట్టి, కాసేపు ఆగి మెల్లగా తెరవండి. ఇది కూడా ఏ గల్ఫ్‌లోనూ నేర్చుకోలేదు.

ఫ్రిస్కో పథికుడు
ఫ్రిజ్ తర్వాత చూస్తాను. పగిలిన కొస కోసి, పొరుగాయన పనిముట్టుతో అంచు చక్కగా విప్పార్చాను, నున్నగా వచ్చింది. ఫొటో తీసి పెడదామని చూస్తే నట్టు బల్ల మీదే ఉంది. గొట్టానికి ముందే తొడగడం మరిచిపోయాను. మళ్లీ కోయాలి. పొయ్యి వరకు అందాక అదనంగా అంగుళమే మిగిలింది.

రాగి గొట్టం
ముప్పాతిక అంగుళం మిగిలేలా కోయండి. నట్టు ముందు.