వియన్నాలో గెలిచిన సోబియెస్కీకి దక్కిందేమిటి?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
మిత్రులకు నమస్కారం. పోలండ్ రాజు మూడవ యాన్ సోబియెస్కీ 1683లో వియన్నాను ఒట్టోమన్ తుర్కుల ముట్టడి నుంచి విడిపించాడని మా పోటీ పరీక్షల పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నాయి. ఆ తర్వాత నాలుగేళ్లకే మన గోల్కొండ ఎనిమిది నెలల ముట్టడికి తట్టుకొని, చివరికి లోపలివాళ్లే తలుపు తీయడంతో ఔరంగజేబు వశమైంది. దాన్ని ఆదుకోవడానికి బయటి నుంచి ఏ సైన్యమూ రాలేదు. వియన్నా గెలుపు సోబియెస్కీ ఒక్కడిదేనా? అంత గెలిచిన పోలండ్ ఆ తర్వాత ఎందుకు బలపడలేదు?

జవాబు (వరంగల్ నుంచి):
ఒక్కడిది కాదు. జూలై 14 నుంచి నగరాన్ని కాపాడినవాడు అక్కడి రక్షక సేనాని స్టార్‌హెంబర్గ్. తుర్కులు కోటగోడల కింద సొరంగాలు తవ్వి, మందుగుండు పేల్చి బురుజులను కూలుస్తున్నా ఆయన రెండు నెలలు లొంగలేదు. చక్రవర్తి లియోపోల్డ్ మాత్రం ముందే పసావుకు వెళ్లిపోయాడు. సాయానికి వచ్చిన సైన్యంలో ఆస్ట్రియన్లు, జర్మన్ సంస్థానాలవాళ్లు కూడా ఉన్నారు. అందరి మీదా సర్వసేనాని సోబియెస్కీ. తన శిబిరం వెనకనున్న కాలెన్‌బర్గ్ కొండను తుర్కుల సేనాని, ప్రధాన వజీరు కారా ముస్తఫా పటిష్ఠం చేసుకోకపోవడం నా దృష్టిలో అసలు తప్పు. సెప్టెంబర్ 12న తెల్లవారినప్పటి నుంచి పదాతిదళం ద్రాక్షతోటల మధ్య పోరాడుతూ కొండ దిగి దారి చేసింది కాబట్టే, సాయంత్రం రెక్కల హుస్సార్లతో (ఈకల రెక్కలు తగిలించుకునే పోలిష్ రౌతులు) కూడిన ఆశ్వికదళం తుర్కుల శిబిరం మీద విరుచుకుపడగలిగింది. అందరూ చెప్పుకునేది ఆ చివరి దాడినే.

జవాబు (కరీంనగర్ నుంచి):
పై మాటకు కొంత చేర్పు. సోబియెస్కీ తుర్కులను ఎరగనివాడు కాడు. 1654లో రాయబార బృందంతో ఇస్తాంబుల్ చూసి వచ్చాడు; 1673 నవంబర్ 11న ఖోతిన్‌లో వాళ్లను ఓడించాడు. దానికి ముందురోజే పోలండ్ రాజు మరణించడంతో, ఆ విజయమే 1674 ఎన్నికలో ఆయనకు సింహాసనం తెచ్చిపెట్టింది. ఇంత గొప్ప సేనాని, వియన్నాలో గెలిచిన మర్నాడు వజీరు గుడారంలో కూర్చుని భార్య మరీషెంకాకు రాసిన ఉత్తరంలో కెంపులు, నీలాలు పొదిగిన అంబులపొదుల గురించి మురిసిపోయాడు. దోపిడీ సొమ్ము లేకుండా ఇల్లు చేరిన మగణ్ణి తాతారు ఆడవాళ్లు ఎత్తిపొడిచినట్టు నువ్వు నన్ను అనలేవులే అని ఆమెను ఆటపట్టించాడు కూడా!

జవాబు (జగిత్యాల నుంచి):
రెండో ప్రశ్నకు సమాధానం యుద్ధభూమిలో కాదు, పోలండ్ పార్లమెంటైన సెయ్మ్‌లో ఉంది. అక్కడ ఒక్క సభ్యుడు అడ్డుచెప్పినా సమావేశమే రద్దయ్యేది. 1688లో గ్రోద్నోలో సభాధ్యక్షుణ్ణి ఎన్నుకోకముందే సభ చెదిరిపోయింది. సైన్యానికి డబ్బు మంజూరు చేయవలసిందీ ఆ సభే కాబట్టి, రాజు ఎంత సమర్థుడైనా చేతులు కట్టేసినట్టే ఉండేది. 1686, 1691లలో మోల్దావియా మీదికి చేసిన దండయాత్రలు ఫలించలేదు. రష్యా సాయం కోసం 1686 ఒప్పందంలో కీవ్‌ను శాశ్వతంగా వదులుకోవలసి వచ్చింది. నన్నడిగితే అది చాలా ఖరీదైన బేరం. ఆయన 1696లో కన్నుమూశాక, ఎన్నికతో దక్కే సింహాసనం కొడుకు యాకూబ్‌కు కాక సాక్సనీ పాలకుడు అగస్టస్‌కు పోయింది. 1672లో తుర్కుల చేతికి పోయిన కామెనెట్స్ కోట కోసం సోబియెస్కీ జీవితమంతా పోరాడాడు. అది 1699 కార్లోవిట్జ్ సంధితో గానీ పోలండ్‌కు తిరిగి రాలేదు.