నాన్నగారి పాత 486: బ్యాటరీ లీకైంది, ఫైళ్ళు కావాలి

తెనాలి_కుర్రాడు:
అందరికీ నమస్తే. నాన్నగారు తొంభైల్లో తెనాలిలో డీటీపీ షాపు నడిపారు, అప్పటి 486 డీఎక్స్2-66 ప్రాసెసర్ కంప్యూటర్ అటక మీంచి దింపాను. విండోస్ 3.1, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, పెళ్ళికార్డులు, కరపత్రాలు, ఊరి గుడికి చేసిన భజన పాటల పుస్తకం అన్నీ అందులోనే ఉన్నాయంట, ఆ పుస్తకం మాత్రం ఆయనకి ఎలాగైనా కావాలి. ఆన్ చేస్తే ర్యామ్ లెక్కపెట్టి సీమాస్ (బ్యాటరీతో సెట్టింగులు గుర్తుంచుకునే చిప్) చెక్‌సమ్ ఎర్రర్, కీబోర్డ్ ఎర్రర్ అని ఆగిపోతోంది, హార్డ్‌డిస్క్ కనపడట్లేదు. మూత తీస్తే కీబోర్డ్ సాకెట్ పక్కన నీలం బ్యాటరీ, చుట్టూ పచ్చగా చిలుం. రిపేరు షాపులో చూపిస్తే స్క్రాప్‌కి వేసేయమన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సోల్డర్_బాబాయ్:
తమ్ముడూ ముందు దాన్ని మళ్ళీ ఆన్ చెయ్యకు. అది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ, 286 నుంచి 486 దాకా చాలా బోర్డులకి ఇదే జబ్బు. కారేది యాసిడ్ అనుకుంటారు అందరూ, కాదు, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, రాగి ట్రాకుల్ని తినేస్తుంది. కీబోర్డ్ కంట్రోలర్ చిప్ ఎక్కువగా ఆ మూలే ఉంటుంది కాబట్టి కీబోర్డ్ ఎర్రర్ కూడా దీని పుణ్యమే అయ్యుండొచ్చు. గ్లవ్స్ వేసుకుని బ్యాటరీ కత్తిరించి తీసెయ్, చిలుం మీద తెల్ల వెనిగర్ వేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దు, తర్వాత డిస్టిల్డ్ వాటర్, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్. వంటసోడా వెయ్యమంటే వినకు, అది యాసిడ్‌కి విరుగుడు. బాగా ఆరాక మల్టీమీటర్ బీప్ మోడ్‌లో ఒక్కో ట్రాక్ చూసుకో, తెగినచోట రెండు కొసల్నీ సన్న ఎనామెల్ తీగతో కలిపి జంపర్ వేస్తే సరి.

కొత్తగా సీఆర్2032 నాణెం బ్యాటరీ నేరుగా అతికించకు, బోర్డు దాన్ని చార్జ్ చెయ్యబోతుంది, అది చార్జ్ అయ్యే రకం కాదు, పగలొచ్చు. మధ్యలో కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ పడాలి. ఎక్స్‌టర్నల్ బ్యాటరీకి నాలుగు పిన్నుల హెడర్ ఉందేమో చూడు, చాలా బోర్డులకి ఉంటుంది, ఉంటే పెన్సిల్ సెల్స్ డబ్బా వైరుతో దూరంగా పెట్టుకోవచ్చు, రేపు అది కారినా బోర్డుకి ఏం కాదు.

సెక్టార్_సున్నా:
బాబాయ్ చెప్పింది కరెక్టే గానీ నీకు కావాల్సింది ఫైళ్ళు కదా, నన్నడిగితే డిస్క్ ముందు, బోర్డు తర్వాత. కనపడట్లేదంటే డిస్క్ పోయినట్టు కాదు, బ్యాటరీ చస్తే సెటప్‌లో రాసిన సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు అనే డిస్క్ లెక్కలు చెరిగిపోతాయి, ఆ అంకెలు మామూలుగా డిస్క్ లేబుల్ మీదే ఉంటాయి, ఫోటో తీసి పెట్టుకో. యూఎస్‌బీ కన్వర్టర్ కొందామనుకుంటావేమో, అంత పాత డిస్కుల్ని చవక కన్వర్టర్లు చాలావరకు గుర్తుపట్టవు, డబ్బు దండగ. ఐడీఈ పోర్టు (పాత డిస్క్ కేబుల్ పెట్టే చోటు) ఉన్న పాత పెంటియమ్ బోర్డు ఎవరి దగ్గరైనా అడుక్కుని లినక్స్ సీడీతో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తానికి ఇమేజ్ (అచ్చు నకలు) తీసెయ్, తర్వాత ఏం చేసినా ఆ ఇమేజ్ మీదే చెయ్యి.

ఇంకోటి, పేజ్‌మేకర్ ఫైళ్ళు ఒక్కటే తెచ్చుకుంటే లాభం లేదు. అప్పటి తెలుగు ఇప్పుడు ఫోన్లలో వాడే యూనికోడ్ కాదు, ఆ ఫాంటు లేకపోతే భజనలన్నీ ఇంగ్లీషు అక్షరాల గజిబిజిలా కనిపిస్తాయి. విండోస్ లోపల సిస్టమ్ డైరెక్టరీలో టీటీఎఫ్ ఫాంటు ఫైళ్ళు, అడోబీ టైప్ మేనేజర్ అనే ఫాంట్ల ప్రోగ్రామ్ వాడి ఉంటే పీఎస్‌ఫాంట్స్ డైరెక్టరీ, రెండూ ఉన్నాయో లేదో చూసుకో.

గుజరాతీగల్లీ_ఫ్యాన్:
విప్పేటప్పుడు పవర్ కనెక్టర్లు పీ8, పీ9 గుర్తుంచుకోండి, మళ్ళీ పెట్టేటప్పుడు రెండు కనెక్టర్ల నల్ల వైర్లూ మధ్యలో పక్కపక్కన రావాలి, తారుమారైతే బోర్డు కాలిపోద్ది. హైదరాబాద్ వచ్చే పనుంటే డయోడ్లు, పిన్నులు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, పాత ఐడీఈ బోర్డులకి సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) అడిగి చూడండి.

తెనాలి_కుర్రాడు:
థాంక్స్ అందరికీ, బ్యాటరీ పీకేశాను. వెనకాల ప్రింటర్ పోర్టుకి అగ్గిపెట్టంత ముక్క బిగించి ఉంది, అదేంటి? తీసేయొచ్చా?

సెక్టార్_సున్నా:
తియ్యి కానీ పారేయకు బ్రో! సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలు వాడకుండా పెట్టే హార్డ్‌వేర్ లాక్ అయ్యుంటుంది, అప్పటి డీటీపీ సాఫ్ట్‌వేర్లు కొన్ని అది లేకపోతే తెరుచుకునేవి కావు. నాన్నగారిని అడుగు, ఆయనకి తెలిసే ఉంటుంది.