ఫీల్డింగ్‌లోనూ హెల్మెట్ పెట్టుకున్న బేస్‌బాల్ ఆటగాడు జాన్ ఓలెరూడ్: ఆయన ఆట చూసినవాళ్లు ఉన్నారా?

బెల్‌వ్యూ_శ్రీను: 2001లో సియాటిల్ వచ్చిన కొత్తలో ఆఫీసువాళ్లు ఇక్కడి బేస్‌బాల్ జట్టు మెరైనర్స్ మ్యాచ్‌కి తీసుకెళ్లారు. క్రికెట్ తప్ప నాకేమీ తెలీదు. చుట్టూ అందరూ ఆ జట్టు స్టార్ పేరు పట్టుకుని ఇచిరో, ఇచిరో అని అరుస్తుంటే నా కళ్లు మాత్రం ఫస్ట్ బేస్ దగ్గరున్న పొడుగాటి మనిషి మీదే. మిగతావాళ్లంతా టోపీల్లో, ఆయనొక్కడూ హెల్మెట్‌లో. ఆ ఏడాది మెరైనర్స్ 116 మ్యాచ్‌లు గెలిచారు. తర్వాత తెలిసింది, ఆయన చదివింది మా బెల్‌వ్యూలోనే అని. మీకేం గుర్తున్నాయో రాయండి.

మిసిసాగా_లక్ష్మి: హెల్మెట్ వెనక పెద్ద కథే ఉంది శ్రీనూ. 1989 జనవరిలో, కాలేజీ రోజుల్లో, పరుగెడుతూ కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తస్రావం. ఎన్యూరిజం (రక్తనాళం ఉబ్బడం) అని తేలి ఆపరేషన్ చేశారు. అందుకే తలకి దెబ్బ తగలకుండా ఫీల్డింగ్‌లోనూ హెల్మెట్. అదే ఏడాది సెప్టెంబరులో మా టొరంటో జట్టు బ్లూ జేస్ తరఫున బరిలోకి దిగాడు, అదీ కింది స్థాయి మైనర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా! 1993లో ఆగస్టు మొదట్లో కూడా సగటు .400 దగ్గరుంది, అంటే పదిసార్లలో నాలుగు హిట్లు. పదిసార్లలో మూడు హిట్లు కొడితేనే గొప్ప అనుకునే ఆట ఇది. చివరికి .363తో అమెరికన్ లీగ్ (పెద్ద లీగులు రెండిట్లో ఒకటి) బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. 1992, 1993 రెండేళ్లూ వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్ టైటిల్, మాదే. మా తమ్ముడికి ఇదే ఆపరేషన్ జరిగినప్పుడు, వాడి మంచం పక్కన కూర్చుని ఈ కథే చెప్పాను.

ఎడమచేతి_నాన్న: మా అబ్బాయి స్కూల్ టీమ్‌లో ఫస్ట్ బేస్ ఆడతాడు, అంటే బేస్ మీద కాలుంచి త్రోలు పట్టే పని. త్రో రాకముందే కాలు చాచేసేవాడు, బంతి పక్కకొస్తే ఇక అందేది కాదు. ఓలెరూడ్ పాత వీడియోలు ఆపి ఆపి చూపించాను. పాదం బేస్ అంచుకి ఆనించి, బంతి ఎటొస్తుందో చూశాకే చాస్తాడు. నేలకి తగిలి లేచే త్రోని గ్లవ్‌తో మెత్తగా తీస్తాడు, అంత పొడుగు మనిషిలో తొందరే కనిపించదు. మూడు గోల్డ్ గ్లవ్‌లు (ఉత్తమ ఫీల్డర్ అవార్డులు) ఊరికే రాలేదు.

అంకెల_ఆనంద్: 2,239 హిట్లు, 255 హోమ్ రన్లు. నాకు అన్నిటికంటే నచ్చేది వేరే లెక్క: వాక్‌లు (చెడ్డ బంతులు వదిలేసి ఫ్రీగా ఫస్ట్ బేస్‌కి వెళ్లడం) 1,275, స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో అవుటవడం) 1,016. చెడ్డ బంతి జోలికే వెళ్లడు. అలాంటివాడికి 2011లో హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప ఆటగాళ్లకిచ్చే గౌరవం) ఓటింగ్‌లో 4 ఓట్లు. ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

బెల్‌వ్యూ_శ్రీను: నాలుగేనా! చాలా అన్యాయం. లక్ష్మక్కా, తమ్ముడు ఇప్పుడెలా ఉన్నాడు?

మిసిసాగా_లక్ష్మి: బాగున్నాడు శ్రీనూ. ఆదివారాలు షటిల్ ఆడుతున్నాడు. మొదటిరోజు నేనే దగ్గరుండి తీసుకెళ్లాను.